కొసరు లెక్కలు

మా అక్కకి పిల్లలంటే ప్రాణం. వాళ్ళ ప్రాణాలు తోడేసేదీ ఆవిడే. ఈ మాట నేను ఆవిడ మొహం మీదే అంటాను, వెనకాల అనే అలవాటు నాకు లేదు. ఇద్దరం ఒకే బడిలో పనిచేస్తాం. ఆవిడ నాలుగో తరగతి టీచరు. నాది మేడ మీద చివరి గది. చదువులో తోటివాళ్ళని దాటిపోయే పిల్లల్ని అన్ని తరగతుల నుంచీ ఏరి వారంలో రెండు పూటలు నా దగ్గరికి పంపిస్తారు. వాళ్ళ చేత పుస్తకాల్లో లేని పనులు చేయించడం నా ఉద్యోగం. పాడైన గోడగడియారం విప్పి మళ్ళీ బిగించడం, కాగితంతో వంతెన కట్టి దాని మీద పుస్తకాలు పేర్చడం, సొంతంగా ఒక రహస్య లిపి కనిపెట్టి అవతలి జట్టు లిపిని ఛేదించడం, ఇలాంటివి. పిల్లలు దాన్ని 'పై గది' అంటారు. అక్క 'ఆటల గది' అంటుంది, అదీ నాకు వినపడేలా.

ఇంటి దగ్గర కూడా ఒకరి నెత్తిన ఒకరం. కింది వాటాలో అక్కా బావా, పై వాటాలో మేము. సాయంత్రం టీ మాత్రం అక్క వంటింట్లోనే. బడిలో తెగని తగువులు అక్కడ తెగుతాయి. మధ్యలో బావ ఏదో సర్దిచెప్పబోయి, ఇద్దరి చేతా చివాట్లు తిని, పేపరు పట్టుకుని బాల్కనీలోకి జారుకుంటాడు.

ఆ రోజు అక్క టీ వడగడుతూ, ఏదో కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా అనేసింది.

"ఈసారి రబ్బరు పేరు తీసేస్తున్నానే. నీ గదికి ఇంక పంపను."

నా చేతిలో బిస్కెట్టు టీలో మునిగిపోయింది. 'రబ్బరు' అక్క క్లాసులో పిల్ల. ఎప్పుడు చూసినా రబ్బరుతో చెరుపుతూ ఉంటుందని క్లాసంతా కలిసి పెట్టిన పేరు. బక్కగా ఉంటుంది, రెండు జడలు, మోచేతుల దాకా పెన్సిలు మసి. నా గదికి వచ్చిన మొదటి రోజే గడియారంలో ఒక పళ్ళచక్రం వేలితో తిప్పి, "దీనికి పళ్ళు తక్కువ కదండీ, అందుకే తొందరపడుతోంది" అన్న పిల్ల. అప్పటి నుంచీ నాకు దాని మీద కన్ను.

"ఎందుకూ?" అన్నాను.

"మందకొడిగా తయారైంది. పోయినేడు మూడో తరగతిలో అందరికంటే ముందు లెక్కలు పూర్తిచేసేదట. ఇప్పుడు అందరికంటే వెనక. ఎప్పుడు అడిగినా ఒకటే మాట, 'ఇంకా అవలేదండీ'. దాని చోటు వేరే పిల్లకి ఇస్తే బాగుపడుతుంది. శుక్రవారం హెడ్ మేడమ్‌కి పేర్లు చెప్పేయాలి. చెప్పాక మళ్ళీ ఏడాది దాకా మార్చరు, నీకు తెలుసుగా."

తెలుసు. ఆ గది పోతే ఆ పిల్లకి ఏం మిగులుతుందో కూడా తెలుసు. క్లాసులో దానికి స్నేహితులంటూ లేరు. పై గదిలోనే నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఏడాది పాటు అదీ లేకపోతే ఆ పిల్ల నిజంగానే మొద్దుబారిపోతుంది. నాకు ఒళ్ళు మండింది.

"నీ క్లాసుకొచ్చి చూస్తాను," అన్నాను.

"చూడు. నాకేం భయమా?" అంది అక్క.

ఆవిడకి నిజంగానే భయం లేదు. ఆవిడ క్లాసు చూస్తే నాకే మొదట్లో ఈర్ష్యగా ఉండేది. బెంచీలు గీత గీసినట్టుంటాయి. పిల్లలు నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటారు. మర్నాడు పిల్లలకి అనుమానం రాకుండా, సుద్దముక్కలు అయిపోయాయని సాకు చెప్పి, వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అక్క బోర్డు మీద లెక్కలు వేసి, "కానివ్వండి" అంది.

ముందుగా చెయ్యెత్తింది ఎక్స్‌ప్రెస్. అదీ ముద్దుపేరే. వాడు నడవడు, పరిగెడతాడు. తినడు, మింగుతాడు. అక్క వాడి కాగితం చూసి, భుజం తట్టి, "శభాష్! ఇదిగో నీ కొసరు," అంటూ ఇంకో కాగితం చేతిలో పెట్టింది. దాని నిండా అవే లెక్కలు, అంకెలు వేరు, అంతే. వాడు దాన్ని తీసుకుని కూలబడ్డాడు. పక్కవాడు వాడిని చూసి నవ్వు ఆపుకోలేక బల్ల కిందకి తల దూర్చాడు.

కొసరు అంటే మా అక్క క్లాసులో బహుమతి. ముందు పూర్తిచేసినవాళ్ళకి ఇంకో కాగితం. అదీ పూర్తిచేస్తే మరొకటి. నెమ్మదిగా చేసినవాళ్ళకి ఏమీ లేదు, హాయిగా గంట కొట్టేదాకా పెన్సిలు కొరుక్కోవచ్చు. ఈ పద్ధతి ఆవిడ నిన్నగాక మొన్న మొదలుపెట్టింది కాదు, ఏళ్ళుగా ఉన్నదే. నేను రోజూ వింటున్నదే. కానీ వెనక బెంచీలో కూర్చుని చూడటం ఇదే మొదలు.

రబ్బరు నా ఎదుటి బెంచీలో, పక్కవాటుగా కనపడుతోంది. లెక్కలన్నీ చకచకా వేసేసింది. ఎక్స్‌ప్రెస్ కంటే ముందే అయిపోయింది, నేను కళ్ళారా చూశాను. చెయ్యెత్తలేదు. గోడగడియారం వైపు ఓసారి చూసింది. రబ్బరుముక్క తీసింది. ఆఖరి లెక్క జవాబు నలభై ఎనిమిది. దాన్ని శుభ్రంగా చెరిపింది. పొట్టు ఊదింది. మళ్ళీ నలభై ఎనిమిది వేసింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని మళ్ళీ చెరిపింది. మళ్ళీ నలభై ఎనిమిది.

"అయిందా అమ్మా?" అంది అక్క బల్ల దగ్గర నుంచి.

"ఇంకా అవలేదండీ," అంది పిల్ల, తల ఎత్తకుండా.

కాగితం ఆ ఒక్క చోట పలచబడి పలచబడి కింద బల్ల రంగు కనపడుతోంది. గంట కొట్టబోతుండగా ఆఖరిసారి నలభై ఎనిమిది వేసి, గంటతో పాటు లేచి, కాగితం అక్క చేతిలో పెట్టింది. అక్క నా వైపు చూసి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది. చూశాను. ఆవిడకి కనపడనిది కూడా చూశాను.

మెట్ల దగ్గర పిల్లని పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళాను. దానితో డొంకతిరుగుడు మాటలు పనిచేయవు.

"తప్పు లేని జవాబుని ఎందుకు చెరుపుతున్నావు?"

నన్ను ఎగాదిగా చూసింది. తిడతానో లేదో తేల్చుకున్నట్టుంది.

"ఖాళీగా కూర్చుంటే అయిపోయిందని తెలిసిపోతుంది కదండీ. తెలిస్తే ఇంకో కాగితం ఇస్తారు. రాస్తున్నట్టుంటే ఇవ్వరు."

"మరి జవాబు మార్చి రాయొచ్చుగా?"

"తప్పు రాయమంటారా?" అంది, నేనేదో దొంగతనం చేయమన్నట్టు. "నాకు తప్పు రాయడం ఇష్టం ఉండదండీ."

నవ్వు ఆపుకున్నాను. "ఇలా ఎన్నాళ్ళనుంచి?"

"ఎండల సెలవులయ్యాక, ఈ క్లాసుకొచ్చిన కొత్తలో. రెండు రోజులు కొసరు చేశాక ఆలోచించుకున్నా." తర్వాత గొంతు తగ్గించింది. "మా అమ్మకి చెప్పకండి టీచర్. కళ్ళు సరిగా కనపడట్లేదేమో, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటోంది. కళ్ళజోడు నాకు బాగుంటుందేమో చూద్దామనుకుంటున్నా."

వాళ్ళమ్మ సిటీ బస్సు నడుపుతుంది. ఆ ముందురోజే గేటు దగ్గర ఖాకీ చొక్కాలో నిలబడి, "మా పిల్ల మొద్దుబారిపోయిందా అండీ? నా డ్యూటీల వల్ల దాన్ని పట్టించుకోవట్లేదా?" అని నన్నడిగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడ ఈవిడగారేమో కళ్ళజోడు కలలు కంటోంది.

"నీ పేరు తీసేస్తున్నారు," అన్నాను. "పై గదికి ఇంక రానివ్వరు, నువ్వు నెమ్మదిగా చేస్తున్నావని."

ఆ మొహం చూడాల్సింది. అంతసేపూ నాతో వకీలులా వాదించిన పిల్ల చటుక్కున తొమ్మిదేళ్ళ పిల్లయిపోయింది. "అయితే రేపట్నుంచి తొందరగా చేసేస్తా టీచర్. ఎన్ని కాగితాలిచ్చినా చేసేస్తా. తీసేయొద్దని చెప్పండి."

చెప్పొచ్చు. చెబితే శుక్రవారానికల్లా రబ్బరు మళ్ళీ ముందు వరసలోకి వచ్చేస్తుంది, కొసరు మీద కొసరు చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. పిల్ల తప్ప. "వద్దు," అన్నాను. "నువ్వేం చేయకు. నేను చూసుకుంటా."

అక్కని దులిపేద్దామని మేడ దిగబోయాను. సగం మెట్లు దిగానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. మొన్న రహస్య లిపి ఎవరు ముందు ఛేదించారు? రబ్బరే. నేనేం చేశాను? "భేష్, ఇదిగో ఇంకొంచెం కష్టమైనది," అని ఇంకో లిపి చేతిలో పెట్టాను. ఆ తర్వాత వంతెన కట్టినప్పుడు అందరివీ అయిపోయినా దానిది కాలేదు. ఎంత ఓపికో ఈ పిల్లకి అని నేను మురిసిపోయాను కూడా! అక్క ఇచ్చేది కొసరు. నేనిచ్చేదీ కొసరే, కాకపోతే రంగుకాగితంలో చుట్టి. అక్కకని దాచుకున్న తిట్లలో సగం అక్కడే నాకు ఖర్చయిపోయాయి.

మిగిలిన సగం సాయంత్రం టీ దగ్గర ఆవిడకిచ్చాను. అంతా చెప్పాను, చెరపడం, నలభై ఎనిమిది, కాగితానికి పడబోయిన చిల్లు, నా గది సంగతితో సహా. బావ పేపరు తీసుకుని లేచాడు. ఈసారి ఎవరూ ఏమీ అనకముందే.

అక్క గరిట కింద పెట్టింది. "నేనేం విషం పెట్టానటే? ఇష్టమైన పిల్లలకే కదా కొసరు వేస్తాను? వాళ్ళ కోసం రాత్రి కూర్చుని ఆ కాగితాలు తయారుచేసేది ఎవరనుకుంటున్నావు?"

"నువ్వు ప్రేమగానే వేస్తున్నావక్కా. వాళ్ళకి శిక్షలా తగులుతోంది."

"చాల్లే. అంత తెలివున్న పిల్ల చేసి చూపిస్తుంది కానీ దాచిపెట్టుకుంటుందా? నిన్ను బుట్టలో వేసుకుంది. నీ గది పోతుందని కథలల్లింది."

"గది పోతుందని దానికి నేను చెప్పేదాకా తెలీదు."

అయినా అక్క తగ్గలేదు. తగ్గడం ఆవిడ చిన్నప్పుడే మానేసింది. "నా కళ్ళతో చూస్తే తప్ప నమ్మను."

"సరే, చూడు. శుక్రవారం భోజనాల గంట ముందు నా గదికి రా. ఒక్క పూట నోరు మూసుకుని కూర్చో. అప్పటికీ ఆ పిల్ల మందకొడి అనిపిస్తే, హెడ్ మేడమ్ దగ్గరికి నేనే వెళ్ళి పేరు కొట్టేయిస్తాను."

"నోరు మూసుకునా?" అంది అక్క. అదొక్కటే ఆవిడకి కష్టమనిపించింది.

ధైర్యంగానే అన్నాను. నాకు పిల్ల మీద నమ్మకం ఉంది, నా మీద కూడా ఉంది. ఏం పని ఇవ్వాలో మాత్రం అప్పటికి తోచలేదు. ఇంకా కష్టమైన లిపి ఇస్తే పిల్ల ఇంకా నేర్పుగా ఆలస్యం చేస్తుంది. ఎక్కడ అయిపోతుందో నాకు కూడా తెలియని పని కావాలి. మర్నాడు భోజనాల వేళ కిటికీలోంచి చూస్తుంటే ఆ పని తనంత తానే కనపడింది.

శుక్రవారం అక్క వచ్చింది. పిల్లల స్టూలు మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దావిడలా కూర్చుంది. రబ్బరు ఆవిడని చూసి నా వైపు చూసింది. చేతిలో రబ్బరుముక్క గట్టిగా పట్టుకుంది.

"కిందకి చూడండి," అన్నాను పిల్లల్ని కిటికీ దగ్గరికి పిలిచి. కింద భోజనాల హాలు ముందు గోడ వెంట వరసగా కుళాయిలున్నాయి. "రోజూ చేతులు కడుక్కునే చోట ఎంత తొక్కిసలాటో మీకు తెలుసు. చివరివాళ్ళు హాల్లోకి వెళ్ళేసరికి అన్నం చల్లారిపోతుంది. ఎందుకలా అవుతోంది? ఏం చేస్తే అందరూ వేడిగా తింటారు?"

ఎక్స్‌ప్రెస్ చెయ్యి అప్పుడే గాల్లో ఉంది. "రెండు లైన్లు పెట్టాలి! అయిపోయింది!"

రబ్బరు వాడి వైపు జాలిగా చూసి, నన్నడిగింది. "ఇది ఎప్పటికి అవుతుందండీ?"

"నాకూ తెలీదు."

"జవాబు మీ దగ్గర లేదా?"

"లేదు."

"అయిపోతే తర్వాత ఏం ఇస్తారు?"

అక్క స్టూలు మీద కదిలింది. ఆ ప్రశ్న ఆవిడకి సూటిగా తగిలింది, నేను చూశాను.

"ఏమీ ఇవ్వను," అన్నాను. "అయిపోతే ఇంక పని లేదు. వెళ్ళి ఆడుకోండి."

పిల్ల కాసేపు నమ్మలేదు. కాగితం మీద కుళాయిలు గీసింది, చెరిపింది, గడియారం చూసింది. అలవాటు అంత తొందరగా పోతుందా? అక్క పెదవులు బిగించింది. అంతలో ఎక్స్‌ప్రెస్, "రెండు లైన్లు చాలు, నేను చెప్తున్నా కదా!" అని కాగితం మీద అడ్డంగా పెద్ద గీత గీసేశాడు. రబ్బరుకి కోపం వచ్చింది. బొత్తాల డబ్బా తీసి బల్ల మీద బోర్లించి, బొత్తాల్ని పిల్లలుగా నిలబెట్టింది.

"చూడు, రెండు లైన్లయినా అందరూ మొదటి కుళాయి దగ్గరే ఆగుతారు. తలుపు పక్కనుంది కాబట్టి. అటు చివర కుళాయిలు ఖాళీ. రోజూ ఖాళీయే, నువ్వెప్పుడైనా చూశావా? లైను అటు చివర నుంచి మొదలవ్వాలి."

"అయితే అంతే, అయిపోయింది," అన్నాడు వాడు.

"అయిపోలేదు. చేసి చూడాలి," అంది రబ్బరు. అనేసి లేచి తలుపు వైపు నడిచింది. నన్ను అడగలేదు. మిగతా పిల్లలు దాని వెనకాలే. నేను వాళ్ళ వెనక. అక్క నా వెనక, సంచీ మోసుకుంటూ.

కింద పిల్లల్ని అటు చివర నుంచి నిలబెట్టి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పించింది. కథ అడ్డం తిరిగింది. తలుపు పక్క కుళాయి బుసకొట్టి ఎక్స్‌ప్రెస్ చొక్కా తడిపేసింది. చివరి కుళాయిలో నీళ్ళు దారంలా సన్నగా కారాయి. పిల్లలు ఘొల్లుమన్నారు.

"అన్నీ ఒకే గొట్టం మీద ఉన్నాయండీ!" అంది రబ్బరు. మొహం వెలిగిపోతోంది. తను చెప్పింది తప్పయింది, అయినా ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది! "అన్నీ విప్పితే చివరి దాకా నీళ్ళు రావు. కొన్నే విప్పాలి. ఎన్ని విప్పాలి? ఏవి విప్పాలి?" వంటింట్లోంచి మగ్గు అడిగి తెచ్చింది. చివరి కుళాయి కింద మగ్గు పెట్టి, గొంతుక్కూర్చుని, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ నిండేదాకా చూసింది. ఒక కుళాయి కట్టేయించి మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకోటి కట్టేయించింది. తడిసిన జడ భుజం మీద నుంచి నీళ్ళలోకి జారినా దానికి తెలీదు.

గంట కొట్టింది. భోజనాల గంట. మా బడి గంట అంటే వీధి చివర ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. ఎక్స్‌ప్రెస్ తడి చొక్కాతోనే పరుగందుకున్నాడు. మా పిల్లలందరూ తడి చేతులతోనే వాడి వెనకాలే హాల్లోకి తోసుకున్నారు. మిగతా తరగతులు ఇంకా మెట్లు దిగుతున్నాయి, కుళాయిల దగ్గర ఒక్క పిల్ల మిగిలింది.

ఇన్నాళ్ళూ గంట కోసమే బతికిన పిల్ల. గంటతో పాటు లేవడానికి కాగితం చిల్లుపడేలా చెరిపిన పిల్ల. తల కూడా ఎత్తలేదు.

"గంట కొట్టారమ్మా," అంది అక్క. "లే, అన్నం చల్లారిపోతుంది."

"ఇంకా అవలేదండీ," అంది రబ్బరు, మగ్గు మీంచి చూపు తిప్పకుండా.

అదే మాట. రోజూ క్లాసులో అక్క విని విని విసిగిపోయిన మాట. అది నిజమైతే ఎలా వినపడుతుందో ఆవిడ ఇప్పుడే విన్నది. గెలిచినప్పుడు నోరు మూసుకోవడం నాకు కూడా కొత్తే.

"నేను చెడగొట్టానా దీన్ని?" అని నన్నడిగింది, గుసగుసగా.

"దాచుకుంది, అంతే. చెడిపోలేదు," అన్నాను. "చూడు, ఎక్కడైనా చెడినట్టుందా?"

అక్క సంచీ నా చేతికిచ్చింది. తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళి, తలుపు పక్క కుళాయి దగ్గర నిలబడింది. "ఇది తిప్పనా?" అంది పిల్లతో.

"ఇప్పుడే వద్దండీ. నేను చెప్పినప్పుడు తిప్పండి."

పాతికేళ్ళుగా తను 'కానివ్వండి' అంటే తప్ప క్లాసులో పెన్సిలు కదలనివ్వని మనిషి. కుళాయి మీద చెయ్యి వేసి, పిల్ల మొహంలోకి చూస్తూ నిలబడింది. హాల్లో కంచాల చప్పుడు మొదలైంది. హెడ్ మేడమ్ వరండాలోకి వచ్చి, "పేర్లు ఇస్తానన్నారు?" అని కేకేసింది.

"మా క్లాసులో మార్పేం లేదండీ!" అంది అక్క, తల తిప్పకుండా. "కాస్త ఆగండి, పనిలో ఉన్నాను."

"ఇప్పుడు!" అంది రబ్బరు.

అక్క తిప్పింది.